కారు పెదవి: టేపుకెంత, బోల్టుకెంత?

"బండికి పెదవేమిట్రా?" అని ఫోనులో అడిగింది మా అమ్మ. నిజమే, లిప్పు అంటే పెదవే. కారు ముందు బంపరు కింది అంచున, నేలకి నాలుగైదు అంగుళాల ఎత్తులో, ఈ చివరి నుంచి ఆ చివరి దాకా అడ్డంగా బిగించే పట్టీని ఇక్కడ ఫ్రంట్ లిప్ అంటారు. కొన్ని కార్లకి కంపెనీవాళ్ళే పెట్టి ఇస్తారు. మిగతావాళ్ళం బయట కొని తగిలించుకుంటాం. పోర్షా వాళ్ళు 1972 నాటి 911 ఎస్ మోడలుకి గడ్డం కింద ఇలాంటిది పెట్టింది అందం కోసం కాదు, వేగం పెరిగేకొద్దీ కారు ముందుభాగం తేలిపోకుండా ఉండటానికి. నేను పెట్టుకున్నది మాత్రం కేవలం అందానికే. ఆఫీసుకి వెళ్ళే వేగంలో దానివల్ల నాకు ఒరిగేదేమీ లేదని తెలిసే పెట్టుకున్నాను. ఇదంతా అమ్మకి చెప్పలేక "బండి మూతికి రంగు వేశాననుకో" అన్నాను.

ఆ పెదవి హైవే మీద ఊడిపోయిన సంగతి మాత్రం ఆవిడకి ఇంతవరకూ చెప్పలేదు.

మా ఇర్వింగ్‌లో మెకార్థర్ బులవార్డ్ దగ్గర 114 ఎక్కి, విమానాశ్రయం పక్కనుంచి పడమరగా వెళ్ళటం నా రోజువారీ దారి. రెండేళ్ళ క్రితం ఫిబ్రవరిలో ఒక శనివారం మధ్యాహ్నం, 45 డిగ్రీల ఫారన్‌హీట్ చలిలో, అపార్ట్‌మెంటు పార్కింగులో నిలబడి ఆ లిప్పు తగిలించాను. దాంతో పాటు ఒక చుట్ట టేపు, ఆరు చిన్న స్క్రూలు, బొమ్మలు తప్ప అక్షరాలు లేని ఒక కాగితం వచ్చాయి. బంపరుకి చిల్లులు పెట్టాలంటే మనసొప్పలేదు. అప్పటికి కారు వాయిదాలు ఇంకా మూడేళ్ళున్నాయి మరి. టేపు ఎర్ర కాగితం లాగాను, అంటించాను, చేత్తో అటూ ఇటూ నొక్కాను. రాయిలా నిలబడింది. ఫొటో తీసి మిత్రులకి పంపాను కూడా.

సోమవారం పొద్దున 114 మీద వేగం 65 దాటగానే కుడివైపు నుంచి టపటపమని చప్పుడు మొదలైంది. ఏదో కవరు చిక్కుకుందనుకున్నాను. పక్కకి తీద్దామని అద్దంలో చూసేలోగా చప్పుడు ఆగిపోయింది. ఆ అద్దంలోనే చూశాను: ఐదున్నర అడుగుల నల్లటి పట్టీ గాలిలో ఒక మెలిక తిరిగి రోడ్డు మీద పడటం, నా వెనక మోటారు సైకిలు మీద వస్తున్న మనిషి ఒక్కసారిగా ఎడమకి వాలటం. ఆయన పడలేదు. పక్క వరుసలో ఆ క్షణాన ఏ బండీ లేకపోవటం వల్ల పడలేదు, అంతే. నన్ను దాటి వెళ్తూ తల తిప్పి ఒక్క చూపు చూశాడు. తిట్టినా బాగుండేది. నేను రోడ్డు పక్కన ఆపి 911కి ఫోను చేశాను. ఆ లోపే ఒక లారీ దాన్ని తొక్కుకుంటూ పోయింది. దాన్ని తీసుకొద్దామని హైవే మీదకి నడవకపోవటం ఒక్కటే నేను ఆ రోజు చేసిన తెలివైన పని.

ఇంతకీ తప్పెక్కడ జరిగింది? మనవాళ్ళకి అలవాటైన పద్ధతిలో ఆ వారమంతా కూర్చుని పోస్ట్‌మార్టమ్ చేశాను.

మొదట గాలి లెక్క చూశాను. గాలి తోపు వేగం వర్గంతో పెరుగుతుందని ఇంటర్మీడియట్‌లో చదువుకున్నదే. లిప్పు పొడవు సుమారు 1.7 మీటర్లు, గాలికి ఎదురు నిలిచే ఎత్తు 8 సెంటీమీటర్లు. గంటకి 70 మైళ్ళ దగ్గర దానిమీద పడే తోపు సుమారు ఎనిమిది కిలోల బరువుతో సమానం. 35 మైళ్ళ దగ్గర అందులో నాలుగో వంతు, రెండు కిలోలు. టెక్సస్‌లో మామూలుగా వీచే 20 మైళ్ళ ఎదురుగాలి కలిస్తే 70 కాస్తా 90 అవుతుంది, ఎనిమిది కిలోలు పదమూడు దాటుతాయి. కాలనీ వీధుల్లో వారం రోజులు తిప్పి "బాగానే ఉంది" అనుకునేవాళ్ళు చేసిన పరీక్ష నాలుగో వంతు పరీక్ష అన్నమాట. మన భాషలో చెప్పాలంటే, ఒక్క యూజరుతో టెస్టు చేసి ప్రొడక్షన్‌లో పెట్టినట్టు.

అయినా ఎనిమిది కిలోలేమంత ఎక్కువ కాదు. మంచి టేపు ఆ బరువుని ఆపగలదు. త్రీఎమ్ కంపెనీ 1980లో తెచ్చిన వీహెచ్‌బీ రకం టేపుతో కట్టడాలకి లోహపు పలకలు, అద్దాలు అంటిస్తున్నారు. నిలకడగా వేలాడే బరువైతే కిలోకి సుమారు 55 చదరపు సెంటీమీటర్ల టేపు వెయ్యమని వాళ్ళ సూచన. మూడు కిలోల లిప్పుకి 12 మిల్లీమీటర్ల వెడల్పు టేపు ఆ చివరి నుంచి ఈ చివరి దాకా వేస్తే 200 చదరపు సెంటీమీటర్లు దాటుతుంది. కాగితం మీద బరువు లెక్క సరిపోయింది. ఇక్కడే నాలాంటివాళ్ళు మోసపోతారు.

ఎందుకంటే ఆ లెక్క టేపు ప్రతి చదరపు సెంటీమీటరూ నిజంగా అంటుకున్నప్పుడే పనిచేస్తుంది. బంపరు పైతొడుగు ఎక్కువగా పాలీప్రొపిలీన్‌లో రబ్బరు కలిపిన ప్లాస్టిక్కుతో చేస్తారు. రంగు వేసిన భాగం ఫరవాలేదు గానీ, కింద రంగు లేని నల్లటి అంచు ఉందే, దానికి ఏదీ ఓ పట్టాన అంటదు. తామరాకు మీద నీటిబొట్టు సామెత ఊరికే పుట్టలేదు. కడిగి తుడిచిన బంపరు కింది అంచున ఒక చుక్క నీళ్ళు వేసి చూడండి. పరుచుకుంటే జిగురు కూడా పరుచుకుంటుంది. బొట్టులా నిలబడితే జిగురు కూడా అలాగే పైపైన నిలబడుతుంది. అలాంటి ప్లాస్టిక్కు కోసమే అతుకు పెంచే ప్రైమరు అమ్ముతారు, పల్చగా ఒక పూత పూసి ఆరనివ్వాలి. నేనది పుయ్యలేదు సరికదా, అంతకు ముందు వారమే బంపరుకి మైనం పాలిషు పట్టించాను. కొత్త లిప్పు వెనక అచ్చులోంచి తేలిగ్గా ఊడిరావటానికి రాసే జిడ్డు కూడా ఉంటుందని నాకప్పుడు తెలియదు. అంటే మైనానికీ జిడ్డుకీ మధ్య టేపు పెట్టి, ఆ రెండిటినీ గట్టిగా అంటించానన్నమాట!

చలి సంగతి ఇంకొకటి. ఈ టేపులు వెయ్యటానికి అనువైన వేడి 70 నుంచి 100 డిగ్రీల ఫారన్‌హీట్. అంతకన్నా చల్లగా ఉంటే జిగురు గట్టిపడి పైతలంలోకి దిగదు. మామూలు గది వేడిలో కూడా సగం బలం రావటానికి 20 నిమిషాలు, 90 శాతానికి ఒక రోజు, పూర్తి బలానికి 72 గంటలు పడుతుంది. నేను 45 డిగ్రీల్లో అంటించి 40 గంటలకే హైవే ఎక్కాను. పైగా పెట్టెలో వచ్చిన ఎర్ర కాగితం టేపు ఏ రకమో ఎవరికి తెలుసు? ఎర్ర కాగితం ఉన్నదల్లా వీహెచ్‌బీ కాదు.

అన్నిటికన్నా పెద్ద తప్పు, టేపు ఎటు లాగితే ఆగుతుందో, ఎటు లాగితే ఆగదో ఆలోచించకపోవటం. మన ఊళ్ళలో గోడమీది సినిమా పోస్టరు గుర్తు తెచ్చుకోండి. అరచెయ్యి పెట్టి పక్కకి జరపమంటే పహిల్వాను వల్ల కూడా కాదు. అదే ఒక మూల కాస్త లేచిందా, మేకపిల్ల పళ్ళతో పట్టుకుని మొత్తం ఊడదీసి తినేస్తుంది. లిప్పుకి ఆ మూల చక్రాల పక్కన ఉండే చివర. అక్కడ సన్న సందు చాలు, గాలి దూరి తెడ్డులా తెరుస్తుంది. ఆ తర్వాత ఎనిమిది కిలోలూ 1.7 మీటర్ల మీద పంచుకోబడవు, చీలుతున్న ఆ ఒక్క అంగుళం మీదే పడతాయి.

రెండోసారి పెట్టకూడదనే అనుకున్నాను. ఆ మోటారు సైకిలాయన చూపు మరి నెలరోజులు వెంటాడింది. కానీ చేతకాక వదిలేశాననే మాట ఇంకా ఎక్కువ వెంటాడింది, దాచటం ఎందుకు. జూన్‌లో ఒకాయన వాడి తీసేసిన కార్బన్ ఫైబర్ లిప్పు నా కారుకి సరిపోయేది చవగ్గా దొరికింది. మా అపార్ట్‌మెంటు లీజులో పార్కింగులో బండి రిపేర్లు చెయ్యకూడదని ఉంది (మొదటిసారి చదవలేదు లెండి). అందుకని వ్యాలీ రాంచ్‌లో ఉండే మిత్రుడి గరాజ్ అడిగాను. అప్పుడు వాళ్ళ నాన్నగారు విజయవాడ నుంచి వచ్చి ఉన్నారు. ఆర్టీసీ డిపోలో ముప్ఫయ్యేళ్ళు మెకానిక్‌గా చేసి రిటైరైన మనిషి. కొడుకూ కోడలూ ఆఫీసుకి వెళ్తే పగలంతా టీవీ చూడలేక విసిగిపోయి ఉన్నారేమో, లిప్పు చూడగానే లుంగీ ఎగ్గట్టి వచ్చేశారు.

ఆయన ముందు డ్రిల్లు ముట్టుకోనివ్వలేదు. లిప్పు తిరగేసి, చిల్లులన్నీ వేలితో తడిమి, "చివర చిల్లులే పగిలినయ్యి, మధ్యవి బాగానే ఉన్నయ్యి. ఎందుకో చెప్పు అబ్బాయ్" అన్నారు. చూస్తే నిజమే. పాత యజమాని తొమ్మిది చోట్ల బిగించాడు. రెండు చివర్లా ఉన్న రెండేసి చిల్లుల చుట్టూ వెంట్రుకవాసి పగుళ్ళున్నాయి.

దీనికి జవాబు నా దగ్గరుంది. కార్బన్ ఫైబర్ ఎండకి పెద్దగా సాగదు. బంపరు ప్లాస్టిక్కు బాగా సాగుతుంది, మీటరుకి ఒక్కో సెల్సియస్ డిగ్రీకి సుమారు 0.08 మిల్లీమీటర్లు. జనవరి తెల్లవారుజాముకీ, ఆగస్టు మధ్యాహ్నం ఎండలో నిలబెట్టిన కారుకీ మధ్య 60 డిగ్రీల తేడా తేలిగ్గా ఉంటుంది. (2021 ఫిబ్రవరి 16న డీఎఫ్‌డబ్ల్యూలో సున్నాకి కింద 19 సెల్సియస్ దాకా దిగింది, ఆ ఏడు లెక్క ఇంకా ఎక్కువ.) 0.08ని 60తోనూ 1.7తోనూ హెచ్చవేస్తే 8 మిల్లీమీటర్లు. మధ్యలో కదలకుండా పట్టుకుంటే ఒక్కో చివరా 4 మిల్లీమీటర్లు జరగాలి. గుండ్రటి చిల్లులో బిగించిన బోల్టు జరగనివ్వదు కాబట్టి చిల్లే పగిలింది. 1.1 మిల్లీమీటర్ల మందం వీహెచ్‌బీ టేపు పక్కకి తన మందానికి మూడు రెట్లు, అంటే 3.3 దాకా సాగి ఓర్చుకుంటుంది. 4కి అదీ చాలదు.

బాబాయిగారు లెక్కంతా విని, "అంటే రైలు పట్టాకి సందు వదిలినట్టు" అన్నారు. అంతే, నేను పది నిమిషాలు చెప్పింది.

ఆయనా ఒకచోట తప్పారు. బస్సు బాడీ పలకలకి అలవాటైన చెయ్యి కదా, అల్యూమినియం రివిట్లు కొట్టేద్దామన్నారు. కార్బన్ ఫైబర్ విద్యుత్తుని ప్రవహింపజేస్తుంది. దానికి అల్యూమినియం తగిలి, మధ్యలో వాననీరు చేరితే బ్యాటరీలాంటిదే తయారై అల్యూమినియం తినేయబడుతుంది. మామూలు ఇనుమూ తుప్పు పడుతుంది. అందుకని స్టెయిన్‌లెస్ బోల్టులు, నైలాను వాషర్లు వాడాలన్నాను. ఆయన కాసేపు నమ్మలేదు. "మా బస్సులకి కార్బన్ ఎక్కడుందిలే" అని రాజీపడ్డారు.

చివరికి మేం చేసింది ఇది. కారు ముందుభాగం జాకీతో లేపి, రెండు జాకీ స్టాండ్ల మీద నిలబెట్టాం. ఒట్టి జాకీ మీద ఉన్న బండి కిందకి తల పెట్టొద్దు, ఎంత చిన్న పనికైనా సరే. బంపరు కింద, నేలకి సమాంతరంగా వెనక్కి మడిచినట్టు ఒక అంచు ఉంటుంది. ఇంజను కింది తొడుగుని కంపెనీవాళ్ళు బిగించేది దానికే. లిప్పు కూడా అక్కడే పట్టుకోవాలి, ముందు కనిపించే ముఖానికి కాదు. గాలి లిప్పుని వెనక్కి తోస్తుంది, కాస్త కిందికి లాగుతుంది. ఆ అంచుని నిలువుగా దూసుకెళ్ళే బోల్టు రెండిటికీ ఎదురు నిలుస్తుంది. మాకు కంపెనీ చిల్లులే నాలుగు కలిసొచ్చాయి. మూడు కొత్తవి పెట్టాం. పాత తొమ్మిదింట్లో మిగతావి వదిలేశాం.

చిల్లు పెట్టేముందు తొడుగు విప్పి వెనక ఏముందో చూడాలి. ఏసీ కండెన్సరు, వైర్లు, అద్దం కడిగే నీళ్ళ డబ్బా అన్నీ ఆ పరిసరాల్లోనే ఉంటాయి. డ్రిల్లు మొనకి అరంగుళం పైన రంగు టేపు చుట్టుకుంటే అంతకు మించి దిగబడదు. కార్బన్ ఫైబరుని తొలిచేటప్పుడు వెనక చెక్కముక్క ఆనించాలి, లేకపోతే అవతలివైపు పోగులు లేస్తాయి. ఆ పొడి ఊపిరిలోకి పోకూడదు. కోవిడ్ నాడు కొని మిగిలిన ఎన్95 మాస్కులు అక్కరకొచ్చాయి.

మధ్య మూడు బోల్టులు గట్టిగా. వాటికి రెండు వైపులా వెడల్పు వాషర్లు, పైన నైలాన్ ఇన్‌సర్ట్ ఉన్న నట్లు. వాషరు చిన్నదైతే బోల్టు తల పల్చటి ప్లాస్టిక్కుని కోసుకుంటూ బయటికొచ్చేస్తుంది. చివర నాలుగు చిల్లుల్నీ ఆకురాయితో పది మిల్లీమీటర్లు అడ్డంగా సాగదీశాం. పగుళ్ళు ఇంకా పాకకుండా వెనక పల్చటి ఫైబర్ ముక్కలు ఎపాక్సీతో అంటించాం. ఆ నాలుగూ తగిలేదాకా బిగించి, పావు చుట్టు వెనక్కి వదిలాం. వదులుగా ఉన్నా నైలాను నట్టు తనంతట తాను ఊడదు. పవర్ డ్రైవరుతో బిగించొద్దు, చేతి పానాతోనే. ప్లాస్టిక్కు "చాలు" అని చెప్పేది మన మణికట్టుకే.

టేపు మానెయ్యలేదు. మధ్య రెండడుగుల మేర మాత్రం వేశాం, నీళ్ళూ ఆల్కహాలూ సగంసగం కలిపిన దాంతో రెండుసార్లు తుడిచి, ప్రైమరు పూసి, చిన్న రోలరుతో ఒళ్ళు వంచి నొక్కి. దాని పని లిప్పుని మొయ్యటం కాదు, సందు లేకుండా మూసి అదురుని మింగటం. చివరల్లో టేపు బదులు రబ్బరు అంచు పట్టీ పెట్టాం, అది జారుతూ ఉంటుంది, గాలి దూరనివ్వదు. ఆ పైన మూడు రోజులు కారు గరాజ్‌లోనే ఉండిపోయింది. నేను ఇంకొకరి కార్లో ఆఫీసుకి పోయాను.

ఇంత గట్టిగా పెట్టాక కొత్త చిక్కు. ఇక్కడి పార్కింగుల్లో టైర్లకి అడ్డంగా సిమెంటు దిమ్మలుంటాయి కదా. ముందుకెళ్ళేటప్పుడు లిప్పు దాని మీదుగా జారి ఎక్కుతుంది. వెనక్కి తీసేటప్పుడు కొక్కెంలా తగులుకుంటుంది. అప్పుడు లాగేది ఎనిమిది కిలోల గాలి కాదు, టన్నున్నర కారు. టేపుతో పెట్టినదైతే లిప్పు ఊడుతుంది. ఏడు బోల్టులతో పెట్టినదైతే బంపరే ఊడొస్తుంది. "ఏది ముందు విరగాలో మనమే అనుకుని పెట్టుకోవాలి" అన్నారు బాబాయిగారు. రోటవేటరుకి షీర్ బోల్టు ఉన్నట్టు. అందుకే చివర బోల్టులకి ఉక్కు వాషర్లు తీసి నైలానువే ఉంచాం, మరీ గుంజితే అవి నలిగి జారిపోతాయి. జారినా రోడ్డు మీద పడకూడదు కనుక రెండు చివర్లనీ ప్లాస్టిక్కు తొడుగున్న సన్నటి ఉక్కు తీగతో లోపలి ఉక్కు బ్రాకెట్లకి కట్టాం, చక్రం కిందకి వెళ్ళనంత పొట్టిగా. ఇది నేనెక్కడా చదివింది కాదు, ఇద్దరం కూర్చుని ఆలోచించింది. ఇప్పుడు దిమ్మలున్నచోట వెనక్కి పార్కు చేస్తున్నాను, లేదా ఒక అడుగు ముందే ఆపుతున్నాను.

కొత్త కార్లున్నవాళ్ళకి ఇంకో మాట. ముందు వాహనాన్ని కనిపెట్టే రాడారు, పార్కింగు సెన్సార్లు కొన్ని మోడళ్ళలో బంపరు కింది భాగంలోనే ఉంటాయి. లిప్పు వాటి ముందుకొచ్చినా, రేడియేటరుకి గాలి వెళ్ళే దారి మూసినా, ఎంత అందంగా ఉన్నా తీసెయ్యండి. కార్బన్ ఫైబర్ రాడారు తరంగాల్ని సరిగ్గా పోనివ్వదు కూడా.

2025 జనవరి 1 నుంచి టెక్సస్‌లో సొంత కార్లకి ఏటా జరిగే భద్రతా తనిఖీ ఎత్తేశారు. మా డాలస్ కౌంటీలో పొగ పరీక్ష మాత్రం మిగిలింది. ఏడాదికోసారి టైర్లూ లైట్లూ చూసే కన్ను కూడా ఇప్పుడు లేదు. అందుకని బాబాయిగారు చివర్లో చేసిన పని చెప్తాను. బిగించిన ప్రతి నట్టు మీదా, దాన్ని ఆనుకున్న వాషరు మీదా కలిసేలా తెల్ల రంగుతో ఒక గీత గీశారు. నట్టు ఏ మాత్రం తిరిగినా గీత రెండు ముక్కలై కనిపిస్తుంది. వంగి టార్చి వేస్తే అర నిమిషం పని. ఆ తర్వాత లిప్పు రెండు చివర్లూ పట్టుకుని కారు కదిలేదాకా గుంజమన్నారు. మొదట భయపడుతూ గుంజాను. "హైవే నీలాగ మొహమాటపడదు" అన్నారు.

మూడు వారాలకి ఎడమ నుంచి రెండో నట్టు గీత కాస్త పక్కకి జరిగింది. బిగించి మళ్ళీ గీశాను. ఆ తర్వాత రెండు వేసవులు గడిచాయి, అది కదల్లేదు. ఆయిలు మార్పించేటప్పుడు మాత్రం ఇంజను కింది తొడుగుకీ లిప్పుకీ ఉమ్మడిగా నాలుగు బోల్టులున్నాయని ముందే చెప్పి, పక్కనే నిలబడుతున్నాను. మొదటిసారి అక్కడి కుర్రాడు నైలాను వాషర్లు ఎందుకో అర్థంగాక రెండు చెత్తబుట్టలో పడేశాడు. ఇప్పుడు గ్లవ్ బాక్సులో ఓ పది వాషర్లు, చిన్న తెల్ల రంగు సీసా పడేసి ఉంచుకుంటున్నాను.